పెయో మూకుడు ఊపిన రోజు

స్పెయిన్ తీరంలోని సాన్ సెబాస్టియన్‌లో పేరున్న హోటల్‌కి పెయో హెడ్ షెఫ్. మెనూ వెనక అచ్చేసిన జీవితచరిత్ర ప్రకారం అతని బాల్యం సముద్ర పరిమళాల మధ్య గడిచింది. అంటే తండ్రి వంటవాడిగా ఉన్న చేపల పడవలో డీజిల్ వాసన పీలుస్తూ బంగాళాదుంపలు చెక్కు తీశాడు. తర్వాత ఫ్రాన్సులో శిక్షణ. అక్కడ కడుపునిండా తిట్లు తిన్నాడు. ఇప్పుడు తిట్టే హోదాకి వచ్చాడు.

ఇంత ఎదిగినా, సోమవారం సెలవునాడు పక్కన కూర్చుని తినడానికి మనిషి లేడు. చిన్ననాటి స్నేహితులంతా పాత బజారులోని వంట సంఘంలో ఉంటారు. తామే వండుకుని, తామే తిని, ఒకరి వంటకి ఒకరు వంకలు పెట్టుకుంటారు. అందులో చేరాలని పెయో ఆశ. చేరాలంటే అందరికీ ఒక పూట వండిపెట్టాలి. ఆ తర్వాత కుండలో తలా ఒక చిక్కుడు గింజ వేస్తారు, ఇష్టమైతే తెల్లది, కాకుంటే నల్లది. ఒక్క నల్లగింజ పడినా ఇంటికే.

పెయో ఉప్పుచేప ఎంచుకున్నాడు. ఆలివ్ నూనె, వెల్లుల్లి, చేప, అంతే. చేప జిగురు నూనెలో కలిసి చిక్కబడేదాకా మట్టి మూకుడిని ఊపుతూనే ఉండాలి.

"షెఫ్ గారు స్వయంగా ఊపుతున్నారర్రా! రండి, చూడ్డానికి టికెట్టు లేదు" అన్నాడు సంఘం పెద్ద సబీనో. బస్సు నడిపి రిటైరైనవాడు.

"నువ్వు బస్సు ఊపినట్టు ఊపనులే."

ఊపాడు. మళ్లీ ఊపాడు. హోటల్లో ఏళ్ల తరబడి ఇది కింది వంటవాళ్ల పని. అతను చెంచాతో రుచి చూసి తల పంకించేవాడు. ఆ పంకించడం మాత్రం ఇప్పటికీ బాగానే వచ్చు. నూనె ఒకపక్క, చేప ఒకపక్క అలిగిన మొగుడూపెళ్లాల్లా ఉండిపోయాయి.

తాళాలు బాగుచేసే ఫెర్మీన్ రొట్టె ముంచి, కారుతున్న నూనెని చూశాడు. "మా కొట్లో తలుపు బందులకి ఇదే వేస్తా."

పెయో వంటగదిలోకి వెళ్లి మూకుడు తోముతూ నిలబడ్డాడు. బయట గింజలు టకటకా పడుతున్నాయి. సబీనో లోపలికొచ్చాడు.

"అన్నీ తెల్లవే."

"జాలిపడ్డారా?"

"జాలా! పోయినేడు ఒక షెఫ్ వచ్చి అద్భుతంగా వండాడు. కుండ నల్లబడిపోయింది. వాడు చేరితే మా వంట ఎవడు తింటాడురా? నీతో ఆ భయం లేదు. సోమవారం నేను వండుతా, నువ్వు బంగాళాదుంపలు చెక్కు తియ్యి. అదైనా గుర్తుందా?"

"అది గుర్తుంది."

ఆ వారమే హోటల్ మెనూ వెనక ఒక వాక్యం చేరింది: నగరంలోని సంప్రదాయ వంట సంఘం ఏకగ్రీవంగా ఎన్నుకున్న షెఫ్.

సోమవారం సబీనో చేపల పులుసులో ఉప్పు ఎక్కువైంది. పెయో రెండోసారి వడ్డించుకున్నాడు.