చెట్లు ఎక్కడ గీయాలో తెలుసుకోవడానికి మూడు ఊళ్లు తిరిగాను

ఈ ప్రయాణం సరదాకు చేసింది కాదు, తిట్లు తిని చేసింది. నేను హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మూడు చిన్న పట్టణాలు ఎంచుకుని, ఒక్కో వీధిని పచ్చగా మార్చి గీయమన్నారు. మా పాత ఉమ్మడి జిల్లా ఊళ్లే కదా అని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ తీసుకున్నాను. వారం రోజులు మెస్‌లో సరిగా తినకుండా, తలనొప్పి మాత్రలు మింగుతూ హాస్టల్ గదిలోనే గీశాను. పెన్సిల్ రంగులు బ్రహ్మాండంగా కుదిరాయి. మా సర్ మాత్రం షీట్లు చూసి, “ఈ వీధుల్లో ఎవరుంటారు? ఈ చెట్లకు నీళ్లెవరు పోస్తారు?” అని అడిగారు. సోమవారానికి మళ్లీ గీసి తేకపోతే ఫెయిలే అన్నారు.

ఫెయిలైతే ఏడాది పోతుంది. ఒక్క ఏడాది పోయినా ఈ చదువు మానేసి టీచర్ ట్రైనింగ్‌లో చేరతానని నాయినకు మాటిచ్చి మరీ ఈ కోర్సులో చేరాను. ఊళ్లకు నీడ గీయడం తప్ప నాకు ఇంకో పని మీద మనసు పోదు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. శుక్రవారం షీట్లు చుట్టుకుని కాచిగూడలో రైలెక్కి గద్వాలలో చిన్నమ్మ ఇంట్లో దిగాను. ఇంటికి మాత్రం కబురు చేయలేదు.

శనివారం పొద్దున ఆరింటికే నేతగాళ్ల వీధికి వెళ్లాను. వీధి పొడవునా నూలు పోగులు చాచి కట్టి, గంజి పెడుతున్నారు. నేత మొదలు కాకముందు ఈ నిలువు పోగులను, అంటే పడుగును, ఇలా ఆరబెట్టుకోవాలట. నేను తొందరలో ఆ పడుగు మీదుగా కాలు వేసి అవతలికి దాటేశాను. గంజి కుంచె పట్టుకున్న ఒక పెద్దావిడ పని ఆపేసింది.

“ఓ పిల్లా, పడుగు దాటొద్దు. వచ్చిన తొవ్వలనే ఎన్కకు పో, సుట్టు తిరిగి రా” అంది.

సిగ్గుతో చచ్చిపోయి, దోషం పోవడానికి మళ్లీ వెనక్కి దాటి, వీధి చివరి దాకా నడిచి చుట్టూ తిరిగి వచ్చాను. ఆమె పేరు నర్సమ్మ. సంగతి చెప్పి షీటు విప్పి చూపించాను. నా పటంలో వీధి నడిమధ్య వరసగా పన్నెండు వేపచెట్లు, చుట్టూ రాతి అరుగులు ఉన్నాయి.

“మంచిగనే ఉంది గాని, నడుమ చెట్లు పెడితె మేం నూలు యాడ చాపాలె? మమ్ముల ఊరిడిసి పొమ్మంటున్నవా ఏంది?”

“మరి నీడ వద్దా పెద్దమ్మా?”

“ఎందుకొద్దు? పొద్దుగాల మాకు ఎండ గావాలె, పగటీలి నీడ గావాలె. పడమటి దిక్కు గోడల పొంటి పెట్టు.”

వారమంతా కూర్చున్నా నాకు తట్టనిది ఆమె ఒక్క మాటలో తేల్చేసింది. అక్కడే నేల మీద కూర్చుని పన్నెండు చెట్లనూ రబ్బరుతో చెరిపేశాను. పెద్దమ్మ ఇచ్చిన చాయ్ తాగి బస్టాండుకు వెళ్లాను.

తొమ్మిదింటికి వనపర్తి బస్సు దొరికింది. ఎర్రవల్లి చౌరస్తాలో హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా దాదాపు రెండు గంటలు పట్టింది. వనపర్తిలో నేను పచ్చిక గీసిన చోట ఆటోలు నిలబడి ఉన్నాయి. వాటి మధ్య ఒక కానుగ చెట్టు నిండుగా, దుమ్ము లేకుండా ఉంది. మున్సిపాలిటీ వాళ్లు నీళ్లు పోస్తారా అని ఖాజా అనే ఆటో ఆయన్ని అడిగితే నవ్వాడు.

“మేమే పోస్తం చెల్లె. లైన్ తప్పి సవారీ ఎక్కించుకున్నోనికి రెండు బిందెల నీళ్లు జరిమానా.”

“అందరూ లైన్‌లోనే ఉంటే చెట్టు ఎండిపోదా అన్నా?”

“గంత మంచోళ్లు ఈడ ఎవరున్నరు? పరేషాన్ గాకు.”

సర్ ప్రశ్నకు జవాబు దొరికింది. పచ్చిక కూడా చెరిపేశాను.

గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి ఒంటిగంటన్నర. మా పల్లె ఇక్కడికి దగ్గరే, కాబట్టి ఈ వీధి నాకు తెలుసనే అనుకున్నాను. ఎరువుల దుకాణం ముందు మనుషులు లేరు, చెప్పుల వరస మాత్రం ఉంది. ఎండకు నిలబడలేక రైతులు చెప్పులను లైన్‌లో విడిచి, ఎదురుగా దుకాణాల చూరు కింద కూర్చుంటారు. వరస వెంట నడుస్తుంటే ఒక జత దగ్గర కాళ్లు ఆగిపోయాయి. తెగిన పట్టీకి ఎర్ర వైరు చుట్టి ఉంది. అవి మా నాయినవి.

ఎదురుగా వట్టి కాళ్లతో కూర్చున్న నాయిన నన్ను చూసి లేచాడు. “ఏంది బిడ్డ, గిట్లొచ్చినవ్? పానం మంచిగలేదా?”

ఇక దాచలేకపోయాను. మొత్తం చెప్పేసి ఏడ్చాను. నాయిన షీటు విప్పమన్నాడు. నేను ఈ వీధి మలుపులో నాలుగు గుల్‌మొహర్ చెట్లు గీశాను, చూడ్డానికి అందంగా ఉంటాయని.

“ఇవి ఎవలకు?” అన్నాడు. నన్ను చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చెప్పుల వరస మొదట్లో నిలబెట్టాడు. “ఈడికెల్లి ఆడిదాంక గియ్యి.”

గీశాను. నా పక్కన ఎండలో నిలబడి, గీసినంతసేపూ చూశాడు. చివరికి నెమ్మదిగా, “సోమారం సారు మల్ల తప్పంటె?” అని అడిగాడు.

“మల్ల గీస్త నాయినా.”

“గట్లయితె ఆ ట్రైనింగ్ ముచ్చట ఇడిసిపెట్టు. నేను ఎన్నిసార్లు విత్తనం పోయి మల్ల ఎయ్యలె?”

పాసయ్యాను. గొప్ప మార్కులేం కావు, సర్‌కు నా రంగులు ఇప్పటికీ నచ్చవు. పచ్చని పట్టణం అంటే చెట్లను లెక్కపెట్టడం అనుకున్నాను ఇన్నాళ్లూ. ఎవరు ఏ వేళకు ఎక్కడ ఎండలో నిలబడుతున్నారో తెలియకుండా గీస్తే అది పటానికి అందమే తప్ప ఊరికి నీడ కాదు. ఈ మాట చదువులో నాలాగే వెనకబడ్డామని బెంగపడే వాళ్లకోసం కూడా రాస్తున్నాను. చెరిపేయాల్సి వచ్చినంత మాత్రాన చేతకాదని కాదు.

ఇదే దారిలో వెళ్లాలనుకుంటే జూన్‌లో, తొలి వానలకు ముందు వెళ్లండి. గద్వాలలో ఆరింటికే వీధిలో ఉండండి, మధ్యాహ్నానికి నాగర్‌కర్నూల్ చేరండి. గొడుగు మాత్రం తీసుకుపోకండి, నీడ ఎక్కడ లేదో మీ నెత్తికే తెలుస్తుంది.