మడమ చూడు బావా

మా చిన్నప్పుడు... మధ్యాహ్నం గంట కొట్టగానే బడి వరండాలో నాలుగు స్తంభాలాట మొదలయ్యేది. స్తంభానికొకరు. నడుమ నిలబడ్డవాడు దొంగ. మేం స్తంభాలు మార్చుకుంటూ పరిగెత్తేవాళ్ళం... ఖాళీ అయిన స్తంభాన్ని దొంగ పట్టుకుంటే, చోటు పోయినవాడు దొంగ.

ఆడపిల్లల్ని రానిచ్చేవాళ్ళం కాదు. మా మేనమామ కూతురు లలిత వారం రోజులు మెట్టు మీద కూర్చుని చూసింది. ఆ తరువాత లేచి వచ్చింది.

"ఒక్కసారి ఆడనీ బావా. గంట కొట్టేలోగా స్తంభం దక్కకపోతే మళ్ళీ అడగను."

"ఏడుస్తూ మా అమ్మకి చెప్పకూడదు మరి."

"ఏడ్చేదెవరో చూద్దాంలే."

కొత్తగా వచ్చినవాళ్ళే ముందు దొంగ. నడుమ నిలబడింది. తల వంచుకునే ఉంది. మేం నవ్వుకున్నాం. నేను స్తంభం వదిలానో లేదో... అది ఆమె చేతిలో ఉంది! ఆ మధ్యాహ్నం ఆమెను మళ్ళీ దొంగను చేయడం ఎవరి వల్లా కాలేదు. గంట కొట్టినా స్తంభం వదల్లేదు.

ఇంటికి వెళ్తూ రహస్యం చెప్పింది.

"మొహాలు చూడకు బావా, అన్నీ అబద్ధాలే. మడమ చూడు. పరిగెత్తే ముందు అది లేస్తుంది."

పెద్దయ్యాక ఆమెనే పెళ్ళి చేసుకున్నాను. దుబాయ్ వచ్చాం. ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా పనిచేసింది. ఆమె పోయి మూడేళ్ళు.

మొన్న చలికాలం ఇక్కడ ప్రొఫెషనల్ బేస్‌బాల్ పోటీలు జరిగాయి. అల్ వర్సాన్‌లో నేను పనిచేసే గోదాం బస్సు నడిపే సత్తయ్య, జగిత్యాల వైపు మనిషి, పాసులు తెచ్చి నన్ను లాక్కెళ్ళాడు. నాలుగు మూలలు, నడుమ ఒకడు... మొదటిరోజు ఆ బంతి విసిరేవాడే దొంగ అనుకుని, ఎంతసేపటికీ మూల దొరకడం లేదే అని జాలిపడ్డాను.

"ఆయన దొంగ గాదు సార్, ఉరికెటోడు దొంగ!" సత్తయ్య పగలబడి నవ్వాడు.

విసిరేవాడి కన్నుగప్పి తరువాతి మూలకు ఉరికితే అది స్టోలెన్ బేస్. సీజన్ మొత్తంలో ఎక్కువసార్లు ఉరికి నెగ్గినవాడి పేరు బోర్డు మీద పైన ఉంటుంది.

"దొంగతనాల గూడ ఫస్టూ సెకండూ ఉంటది సార్ ఈడ!"

ఆఖరి మ్యాచ్ నాటికి ఇద్దరు సమానంగా ఉన్నారు. ఒకరి ఆటలు అయిపోయాయి. రెండోవాడు, బక్కపలచటి ఆటగాడు, ఆ సాయంత్రం మా ముందు ఉన్నాడు. ఇంకొక్కటి చాలు.

ఆట చివర్లో మొదటి బేస్ చేరి, రెండోదాని వైపు నాలుగడుగులు జరిగి నిలబడ్డాడు. బేస్ వదిలి ఉండగానే ఔట్ చేయాలని విసిరేవాడు రెండుసార్లు అటే బంతి విసిరాడు. రెండుసార్లూ ఆ బక్కవాడు వెనక్కి నేల మీద పడి, చేయి చాచి బేస్ అందుకుని బతికిపోయాడు.

"ఖలాస్ సార్. ఇగ ఉరకడు."

నేను అతడి మడమ చూశాను. లేచింది.

"ఇప్పుడు," అన్నాను.

ఉరికాడు. దుమ్ములో జారుతూ రెండో బేస్ అందుకున్నాడు. నెగ్గాడన్నట్టు అంపైర్ రెండు చేతులూ చాచాడు. బోర్డు మీద అతడి పేరు ఒక్కటే పైకెక్కింది! జనమంతా లేచారు. నేనూ లేచాను. మూడేళ్ళ తరువాత గొంతెత్తి అరిచాను...

"లలితా!"

సత్తయ్య నా పక్కన నిలబడి నాకంటే గట్టిగా అరిచాడు. "లలితమ్మా!"

మా బడికి ఇప్పుడు కొత్త భవనం కట్టారట. వరండా లేదు, స్తంభాలూ లేవు... మీ బడిలో ఎవరికీ చిక్కనివాళ్ళు ఎవరు? పేరు రాయండి. ఇక్కడ దుబాయ్‌లో గొంతెత్తి చదువుతాను.