ఇంటి పిల్లి, కోడలి తుమ్ము

మా అత్తగారింట్లో తుమ్ముకు పట్టింపు ఎక్కువ. ఎవరైనా గడప దాటేటప్పుడు ఇంకొకరు తుమ్మితే, పెట్టిన కాలు వెనక్కి తీసుకుని, చెప్పులు విడిచి, లోపలికొచ్చి కూర్చుని, గ్లాసెడు నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాలి. గోరంట్లలో మా పుట్టింట్లోనూ ఇదే పద్ధతి కాబట్టి నాకు వింతగా అనిపించలేదు. చిక్కల్లా ఏమిటంటే, అలాంటి ఇంటికి పిల్లి పడని నేను కోడలిగా వచ్చాను. పిల్లేమో నాకంటే ముందే వచ్చి ఉంది.

మాది ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇల్లు. ముందు గదిలో మగ్గం, వెనక గదిలో మిగతా సంసారమంతా. పట్టు ఉన్నచోటికి ఎలుకలు వస్తాయి, పోగులు కొరికేస్తాయి. అందుకని మా ఇంట్లో పిల్లిది పర్మనెంటు ఉద్యోగం. ఎండాకాలం మగ్గం గుంతలో మా ఆయన కాళ్ళ దగ్గర పడుకునేది. మిగతా కాలమంతా నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంటే వచ్చి సరిగ్గా నా కుచ్చిళ్ళ మీద పడుకునేది. నేను తోసేకొద్దీ దానికి నా మీద ప్రేమ పెరిగేది.

నా తుమ్ములకు కారణం పిల్లి అని మొదట్లో ఎవరికీ తట్టలేదు. "గోరంట్ల నీళ్ళకు అలవాటైన ముక్కు. ఈడి గాలికి కొన్నాళ్ళు అట్లే ఉంటాది" అని మా అత్త తేల్చేసింది. అంతవరకు బాగానే ఉంది. మా ఆయన నేసిన చీర మడిచి సంచిలో పెట్టుకుని షావుకారు అంగడికి బయలుదేరేవాడు. గడప మీద కాలు పెట్టగానే నాకు వచ్చేది. "రేయ్, యాడికి పోతాండావు? కూసోని నీళ్ళు తాగి పో" అని లోపలి నుంచి అత్త కేక. ఆయన తాగి లేచేసరికి నాకు మళ్ళీ వచ్చేది. రెండు తుమ్ములైతే దోషం లేదంటారు కదా అని, ఒకటి రాగానే కొంగు చివర ముక్కులో పెట్టుకుని రెండోది తెప్పించుకునేదాన్ని. దాంతోపాటు మూడోదీ వచ్చేది. మూడుకు మా అత్త దగ్గర శాస్త్రం లేదు, కాబట్టి మళ్ళీ నీళ్ళే. అంగడి చేరేసరికి మా ఆయనకు చీర అమ్ముడుపోవడం కంటే తొందరైన పని ఇంకొకటి ఉండేది.

ఒకరోజు ఆయన బయలుదేరుతుంటే పిల్లి దర్జాగా ఎదురొచ్చి, కాళ్ళకు అడ్డంగా నడిచి పోయింది. ఎవరూ ఆయన్ను నీళ్ళు తాగి పొమ్మనలేదు.

"అత్తా, పిల్లి అడ్డమొచ్చెనే! దోషం ల్యా?" అన్నాను.

"అది మన ఇంటిది కదమ్మే. ఇంటి పిల్లి ఎదురొస్తే దోషం ల్యా. బయటిదైతేనే."

"మరి నా తుమ్ము?"

మా అత్త చేట ముందుకు లాక్కుంది. "తుమ్ము తుమ్మే కదా" అని బియ్యం ఏరుకోవడంలో పడింది.

నాకు ఒళ్ళు మండింది. రేషన్ కార్డులో నా పేరు ఎక్కింది. ఆధార్‌లో ఈ ఇంటి అడ్రసే ఉంది. ఏ కార్డూ లేని పిల్లి ఇంటిది, నేను బయటిదాన్ని! ఆ రోజు నుంచి నాకు తుమ్ముల బాధ సగమే, ఈ బాధ మిగతా సగం.

ఆఖరికి అనంతపురంలో డాక్టరు కనిపెట్టాడు. పిల్లి అలర్జీ అన్నాడు. పిల్లినైనా పంపండి, లేదా ఈమెనైనా దానికి దూరంగా పెట్టండి అన్నాడు. మా ఆయన ఈ మాటను ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇద్దరిలో ఎవరన్నది వెంటనే తేలలేదు. అది నేను ఈనాటికీ మర్చిపోలేదు. మాత్రలు వేసుకుంటే నిద్ర ముంచుకొచ్చి, రాట్నం మీదే తల వాల్చి పోగులు తెంపేసేదాన్ని. దాంతో మా ఆయన పిల్లిని బుట్టలో పెట్టి, మూత కట్టి, బుక్కరాయసముద్రంలో ఉన్న మా ఆడబిడ్డ ఇంట్లో వదిలేసి వచ్చాడు.

పిల్లి పోయింది కానీ తుమ్ములు పోలేదు. దాని బొచ్చు ఇల్లంతా పట్టుకుని ఉంటుందట, వదలడానికి నెలలు పడుతుందట. ఎలుకలకు మాత్రం కబురు వెంటనే అందింది. మగ్గం మీదున్న పడుగును ఒక మూల కొరికిపెట్టాయి. మా ఆయన గుంతలో కూర్చుని తెగిన పోగులు ఒక్కొక్కటే అతికాడు. మా అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే పోట్లాడేదాన్ని. అనకపోయేసరికి ఏం చేయాలో తెలియక, "దాన్ని తెచ్చేయండి. మాత్రలేవో నేనే మింగుతా" అన్నాను. ఇందులో త్యాగమేమీ లేదు, తెగిన పోగులు అతకడానికి నేనూ కూర్చోవాలి మరి. పిల్లి ఒళ్ళు చేసి తిరిగొచ్చింది. బుట్ట దిగి తిన్నగా నా ఒళ్ళోకే ఎక్కింది. కరోనా నాటి మాస్కులు మిగిలి ఉంటే తీసి కట్టుకున్నాను.

పోయినేడు మా అత్తకు కంటిపొర తీసే ఆపరేషన్ పెట్టుకున్నాం. ఎవరికీ భయపడని మనిషి, కంటికి కత్తి అనేసరికి బెదిరిపోయింది. తిథి చూసింది, రాహుకాలం చూసింది. బయలుదేరే రోజు నేను ఎవరూ చెప్పకుండానే మాస్కు మీద మాస్కు కట్టుకుని పెరట్లోకి పోయి నిలబడ్డాను. ఆ ఒక్కరోజు నా ముక్కు వల్ల ఆమె భయం పెరగకూడదని నిజంగా కోరుకున్నాను. వాకిట్లో ఆటో వచ్చి ఆగాక, గుమ్మం దగ్గర నుంచి ఆమే పిలిచింది: "అమ్మే, నా శాలువ తేమ్మే. ఆడ చలి గది అంట."

ఆ శాలువ మీద పిల్లి ఎన్నాళ్ళుగా పడుకుంటోందో. తీసుకెళ్ళి ఆమె భుజం మీద కప్పాను. ఆమె కాలు గడప మీద ఉంది. రెండు మాస్కుల్లోంచి వచ్చింది, వీధి చివరికి వినపడేటట్టు. అది కూడా ఒక్కటే.

ఆటో అతను అడక్కుండానే ఇంజన్ ఆపేశాడు. పక్కింటామె చెంబుతో నీళ్ళు తెచ్చింది. మా ఆయన తలుపు వారగా కుర్చీ లాగాడు. నాకు భూమిలోకి పోవాలనిపించింది.

మా అత్త కుర్చీ వైపు చూడలేదు. ద్వారబంధం పట్టుకుని కాలు మెట్టు మీదికి దించింది. "నీళ్ళు యాలప్పా? ఇంటి తుమ్మది. ఇంటి తుమ్ముకు దోషం ల్యా" అంది. ఆటో అతనితో, "బండి తీయప్పా, పొద్దు పోతాండాది" అంది.

నా కళ్ళు కారడం మొదలైంది. "ఆ పిల్లితో పాపం, చూడు ఎట్ల కారుతాండాయో" అని పక్కింటామె జాలిపడింది. అవునన్నాను. ఆటో మలుపు తిరిగేదాకా గడపలోనే నిలబడి, మాస్కులు కిందికి లాగి, ఆపుకోకుండా తుమ్మాను.