ఎగతాళికి అన్న వన్స్ మోర్

నా చిన్నప్పుడు మా ఊళ్ళో నాటకం ఆడటం ఎంత కళో, దాన్ని చెడగొట్టడమూ అంతే కళ. పర్చూరు పక్కనున్న మా ఊరివాళ్ళు రెండింట్లోనూ ఆరితేరినవాళ్ళు. పద్యం బాగా పాడితే జనం వన్స్ మోర్ అని అరిచేవాళ్ళు. అరిస్తే పాడినవాడు మళ్ళీ అందుకోవాల్సిందే, అది స్టేజీ మర్యాద. పద్యం ఘోరంగా ఉన్నా మావాళ్ళు అదే అరుపు అరిచేవాళ్ళు. ఆ అమాయకుడు పొంగిపోయి మళ్ళీ ఎత్తుకునేవాడు. సగంలో నవ్వులు వినబడి సంగతి తెలిసేసరికి కిరీటం చేత్తో పట్టుకుని లోపలికి ఒకటే పరుగు. ఆ నవ్వుల్లో నా గొంతు కూడా గట్టిగానే ఉండేది, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు.

మా తాతయ్యకు పడ్డ వన్స్ మోర్లు మాత్రం అన్నీ నిఖార్సయినవే. ఊళ్ళో ఏటా ఆడే పాత రాజు నాటకంలో ముప్పయ్యేళ్ళు రాజు వేషం ఆయనదే. ఇచ్చిన మాట కోసం ఆ రాజు రాజ్యాన్ని, చివరికి రాణిని కూడా దానం చేసేస్తాడు. నిండు సభలో చెయ్యి చాచి, రాణిని రమ్మని పిలుస్తూ తాతయ్య రాగం తీస్తుంటే ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకునేవాళ్ళు. రాణి తలవంచుకుని వెళ్ళిపోయేది. ఆయనకు హార్మోనియం వాయించింది మా పక్కింటి సాయిబు తాత. ఆ తాత కూతురే మా పక్కింటి అక్క. గుంటూరులో చదువుకుని వచ్చి మా బళ్ళోనే తెలుగు పాఠాలు చెప్పేది. పుట్టినప్పటి నుంచి ఆ పద్యాలు వింటూ పెరిగిన మనిషి, ఏం బుద్ధి పుట్టిందో ఏమో, ఆ నాటకాన్నే తిరగరాసింది!

పద్యాలన్నీ తీసేసింది. హార్మోనియం తీసేసింది, అంటే కన్నతండ్రినే స్టేజీ దింపేసింది. సాయిబు తాత వారం రోజులు కూతురితో మాట్లాడలేదు. రాణి వేషం తనే వేస్తానంది. ఊళ్ళో నాటక సమాజానికి పెద్ద మా తాతయ్యే కాబట్టి, అడగడానికి మా ఇంటికే వచ్చింది.

"పద్యం లేకుండా రాజు నాటకం ఏంటమ్మా? కారం లేని ఆవకాయ ఎవరు తింటారు?" అన్నాడు తాతయ్య.

"ఒక్కసారి ఆడనివ్వండి పెదనాన్నా. చివరిదాకా ఆడనిస్తే చాలు. తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు తిట్టండి, పడతాను" అంది అక్క.

ఆమె చివరిదాకా అని అంతలా అడగడానికి కారణం ఉంది. మధ్యలో తెర పడిన నాటకం మా వైపు ఏ ఊళ్ళోనూ మళ్ళీ స్టేజీ ఎక్కదు. రాసినవాళ్ళ పని కూడా అంతటితో సరి. రెండేళ్ళు కూర్చుని రాసుకుంది అక్క. తాతయ్య మీసం దువ్వుకుని, సరేనన్నాడు. ఆమె వెళ్ళాక మాత్రం మా నాయనమ్మ దగ్గర ఆ నాటకాన్ని ఉతికి ఆరేశాడు. నేను అన్నీ విన్నాను. తాతయ్యకు నచ్చనిది నాకెందుకు నచ్చాలి అనుకున్నాను.

ఇంటింటికీ కేబుల్ టీవీ వచ్చిన కొత్త రోజులు. అయినా ఆ సాయంత్రం ఊరు ఊరంతా కదిలింది. చూడటానికి కాదు, తన్ని తగలెయ్యడానికి. ఎండాకాలం మొదలు కావడంతో స్టేజీ పక్కనే మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్నాయి. గాలి వీచినప్పుడల్లా ఆ ఘాటుకు జనమంతా ఒక్కసారిగా దగ్గేవాళ్ళు. తెర లేచింది. రాజుకు కిరీటం లేదు, పంచె కట్టుకుని మామూలు మనిషిలా కుర్చీలో కూర్చున్నాడు. "ఒరేయ్, వీడు రాజా, పంచాయతీ గుమాస్తానా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. గొల్లున నవ్వులు. తాతయ్య ముందు వరసలో చేతులు కట్టుకుని, రాయిలా కూర్చున్నాడు. నేను ఆయన కాళ్ళ దగ్గర చాప మీద.

సభ సీను రానే వచ్చింది. రాజు చెయ్యి చాచి రమ్మన్నాడు. అక్క తలవంచలేదు. తిన్నగా అతన్ని చూసి, "నేను రాను. మాట ఇచ్చింది మీరు. ఇచ్చేముందు నన్నెవరు అడిగారు?" అంది. రాగం లేదు, ఏడుపు లేదు.

అప్పుడు నేను లేచి, గొంతు చించుకుని అరిచాను, "వన్స్ మోర్!"

ఇంకేముంది, ఊరంతా అందుకుంది. ఈలలు, చప్పట్లు. నేను వెనక్కి తిరిగి ఆ సందడంతా చూసుకుని మురిసిపోయాను. నా ఒక్క కేకకు అంత జనం అరిచారంటే మాటలా! అక్క లోపలికి పరుగెడుతుందని అందరూ ఎదురుచూశారు. ఆమె కదల్లేదు. అరుపులు తగ్గేదాకా ఆగి, అదే మాట మళ్ళీ చెప్పింది. మళ్ళీ వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ చెప్పింది, అక్షరం పొల్లుపోకుండా, అదే గొంతుతో. మూడోసారికి నవ్వులు ఆగిపోయి కోపాలు మొదలయ్యాయి. "తెర దించండ్రా!" అన్నారు ఎవరో. ఇద్దరు మనుషులు తెర తాడు దగ్గరికి వెళ్ళారు.

తాతయ్య లేచాడు. మోకాళ్ళ నొప్పులతో ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే, ఆయనే స్వయంగా దించుతాడనుకుని జనం చప్పట్లు కొట్టారు. ఆయన ఆ ఇద్దరినీ పక్కకు జరిపి, తాడు తన చేతిలోకి తీసుకున్నాడు.

"వన్స్ మోర్ అన్నది మీరే గదరా! అడిగారు, చెప్పింది. మూడుసార్లు చెప్పింది. ఇక మిగతాది వినండి. నాకూ నచ్చలేదు. అయిపోయాక చెబుతా."

నాటకం అయ్యేదాకా ఆ తాడు వదల్లేదు, కూర్చోనూ లేదు. సగం మంది తిట్టుకుంటూ లేచిపోయారు. చివర్లో చప్పట్లు కూడా పడలేదు. అయితేనేం, తెర పడాల్సిన చోటే పడింది.

మర్నాటి పేపర్లో జిల్లా పేజీలో విలేకరి దుమ్మెత్తి పోశాడు. ప్రేక్షకుల కళ్ళల్లో నీళ్ళు వచ్చాయంటే అది పక్కనున్న మిరపకాయల పుణ్యమేనని రాశాడు. చివర్లో రాణి పశ్చాత్తాపపడి రాజు కాళ్ళ మీద పడటం ఒక్కటే బాగుందని మెచ్చుకున్నాడు. నాటకంలో అలాంటిదేమీ లేదు! ఆ విలేకరి సభ సీనులోనే లేచి వెళ్ళిపోయాడు. తాతయ్య కాగితం విసిరికొట్టి, "చూడని నాటకాన్ని తిట్టాడు, సిగ్గులేనివాడు" అని, నా చెయ్యి పట్టుకుని పక్కింటికి తీసుకెళ్ళాడు.

వాళ్ళ వాకిట్లో నులకమంచం మీద కూర్చుని గంటసేపు అక్కను కడిగేశాడు. రెండో సీను సాగిందన్నాడు. రాజును మరీ వెర్రివాణ్ణి చేశావన్నాడు. మాటల్లో ఊపు లేదన్నాడు. ఒక్క మంచి మాట అనలేదు. అక్క నోట్‌బుక్కు తెచ్చుకుని అన్నీ రాసుకుంది. సాయిబు తాత అరుగు మీద అటు తిరిగి కూర్చున్నాడు.

ఉన్నట్టుండి తాతయ్య నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పవే. ముందు అరిచింది నువ్వేగా. మూడోసారి చెప్పాక రాణి ఏం చేసింది?"

ఏం చేసిందో నాకు తెలియదు. ఆ సేపంతా నేను వెనక్కి తిరిగి జనాన్నే చూస్తున్నాను. నన్ను నేను చూసుకుంటున్నాను. ఆ విలేకరి ఎంతో నేనూ అంతే. అక్క ముఖం చూడలేక ఏడ్చేశాను. తాతయ్య ఊరుకోబెట్టలేదు.

అక్క కూడా ఊరుకోబెట్టలేదు. నోట్‌బుక్కు పక్కన పెట్టి, "చూడలేదా? అయితే కూర్చో" అంది. అక్కడే, ఇంట్లోకి దాచుకున్న మిరపకాయలు చాటల్లో ఎండుతున్న ఆ వాకిట్లో, నేను రాను అన్న దగ్గరనుంచి మొదలుపెట్టి చివరిదాకా నా ఒక్కదానికోసం ఆడింది. రాణీ తనే, రాజూ తనే. రాణి కాళ్ళ మీద పడలేదు. సభలో ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి, మీ ఇంటి ఆడమనిషిని ఇలాగే ఇస్తారా అని అడిగి, జవాబు రాక, తన దారిన తను నడిచి వెళ్ళిపోయింది. అది అయ్యేసరికి సాయిబు తాత ఎప్పుడు తిరిగాడో గానీ ఇటు తిరిగి ఉన్నాడు.

"ఇప్పుడు చెప్పు, ఏం బాగోలేదు?" అంది అక్క, చెమట తుడుచుకుంటూ.

"రాజు బాగోలేదు. ఊరికే నిలబడ్డాడు" అన్నాను వెక్కుతూనే. అక్క నవ్వి, దాన్ని కూడా నోట్‌బుక్కులో రాసుకుంది.

తెర మధ్యలో పడలేదు కాబట్టి మరుసటేడు వినుకొండలో ఆడింది. అక్కడా తిట్టారట. తాతయ్య పోయేదాకా ఆ నాటకం బాగుందని అనలేదు. దాన్ని ఎక్కడ ఆడినా వెళ్ళి, చివరిదాకా కూర్చుని, ఇంటికొచ్చి తిట్టేవాడు.

ఇప్పుడు నేనూ పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఇంట్లో ఎదిగిన కూతురుంది, ఎదురు మాట్లాడుతుంది. మొన్న ఏదో పనికి రమ్మంటే, "నేను రాను, నన్నడిగి ఒప్పుకున్నావా?" అంది. కోపం నషాళానికి అంటింది. నోటిదాకా వచ్చిన తిట్టు మింగి, దాని ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"వన్స్ మోర్" అన్నాను. ఈసారి ఎగతాళికి కాదు.