ఆయమ్మ కొలత

దశాంశాలు బాగా చెబుతానని నాకొచ్చిన పేరు నిజానికి మా స్కూలు ఆయమ్మది. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

కువైట్‌లో అది నా మొదటి ఉద్యోగం. మర్నాడు ప్రిన్సిపాల్ నా పాఠం విని, నన్ను ఉంచాలో వద్దో తేలుస్తారు. నాలుగో తరగతి పిల్లలేమో 0.5 కంటే 0.25 పెద్దదని పట్టుబట్టారు. ఏది చెప్పినా చేత్తో కొలిచి చూపే ఆయమ్మ, గది తుడుస్తున్నదల్లా మాప్ కర్రను నడిమికి పట్టుకుంది.

"ఇది పాయింట్ ఐదు, సగం. పాయింట్ ఇరవై ఐదంటే దీంట్లో మళ్లీ సగమే. జహ్రాలో ఇంటిపనికి ఉన్నప్పుడు మామా, అదే మా యజమానురాలు, ఆమె బిడ్డకు సిరంజీతో మందు పోసినదాన్ని, నాకు తెలీదా?"

మర్నాడు నేనూ కర్ర పట్టుకున్నాను. పిల్లలంతా సరిగ్గా చెప్పారు.

"ఎవరు నేర్పారమ్మా ఇది?" అన్నారు ప్రిన్సిపాల్.

"నేనే ఆలోచించానండీ."

గుమ్మంలో ఆయమ్మ వింది.

ఇఖామా, అంటే కువైట్‌లో ఉండే అనుమతి, ముగిసి ఆమె ఊరికి వెళ్లేరోజు, క్షమాపణ అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది.

"పోన్లే టీచరమ్మా. పిల్లోళ్లకైతే నిజమే చెప్తివి గదా."