ఆరో నంబరు కంప్యూటరు

మొన్న ఎల్‌బీ నగర్‌లో మా అమ్మాయికి కంప్యూటరు కొందామని వెళితే, దుకాణం ఆయన తెర మీద ఒక కార్ల ఆట పెట్టి, బొమ్మ ఎంత బాగుండాలో, ఆట ఎంత వేగంగా సాగాలో అదే చూసుకుంటుంది మేడమ్, మీరేమీ ముట్టుకోనక్కర్లేదు అన్నాడు. మా అమ్మాయి మురిసిపోయింది. నాకు మాత్రం ఇరవై ఏళ్ల కిందటి కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ సందులోకి తిరిగినా కింద ఒక కోచింగ్ సెంటరు, దాని మీద ఒక గేమింగ్ సెంటరు కనబడేవి. మా పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, అలాంటిదొకటి నడిపేవాడు. మేం నల్లగొండ వైపు ఊరు నుంచి వచ్చి మీర్‌పేటలో కిరాయికి ఉండేవాళ్లం. డిగ్రీ అవగానే అన్న నన్ను పనిలో పెట్టుకున్నాడు. పది పాత కంప్యూటర్లను ఆటకు సిద్ధం చేయడం నా పని. నీడలు, పొగ, తడి రోడ్డు మీద లైట్ల మెరుపు, అన్నీ పెడితే బొమ్మ కన్నులపండువగా ఉండేది గానీ మలుపు రాగానే కారు ఆగి ఆగి ఎగిరేది. అన్నీ తీసేస్తే కారు రయ్యిన పోయేది గానీ ఏది రోడ్డో ఏది గోడో తెలిసేది కాదు. అందుకని ఒక్కో దాని ముందు కూర్చుని, దూరపు చెట్లు తగ్గించి, నీడలు తీసేసి, ఎదుటి మలుపు స్పష్టంగా ఉంచి, మీట నొక్కిన క్షణానికే కారు తిరిగేదాకా వదిలేదాన్ని కాదు.

ఇంటర్ చదివే మా చెల్లె కాలేజీ అయ్యాక నా కోసం వచ్చి కూర్చునేది. అలా కూర్చుని కూర్చునే ఆట నేర్చుకుని, నెలలు తిరగకుండా అక్కడ ఆడే మగపిల్లలందరినీ ఓడించేసింది. ఇంతలో అన్న పోటీ పెట్టాడు. గెలిచినవాళ్లు మా సెంటరు తరఫున నగరం మొత్తానికీ జరిగే పోటీకి వెళ్లాలి. ఆదివారం మధ్యాహ్నం చివరి ఆటకు మిగిలింది మా చెల్లె, మా వదిన తమ్ముడు.

చెల్లెకు ఆరో నంబరు కంప్యూటరు ఇచ్చారు. ముందురోజు దాన్ని నా చేతులతో సరిచేశాను. అయినా మొదటి మలుపులోనే కారు తడబడింది, రెండో మలుపులో గోడను గుద్దింది. వెనక నిలబడ్డవాళ్లు ఈలలు వేశారు. చెల్లె ఓడిపోయి, “నేనే లేటుగ తిప్పినక్కా” అంది.

నాకు అనుమానం వచ్చి సెట్టింగులు తెరిచాను. నేను తీసేసినవన్నీ తిరిగి పెట్టి ఉన్నాయి, అన్నీ పై మెట్టులో. పక్కన వదిన తమ్ముడిది మాత్రం నేను పెట్టినట్టే ఉంది. అన్నను అడిగితే నవ్వాడు.

“నేనే పెట్టిన. ఆడపిల్లకు బొమ్మ అందంగుంటె సాలదా? గేమే గదా, గంత పరేషాన్ ఏందే?”

ఒళ్లు మండిపోయింది. అందరూ చూస్తుండగానే ఒక్కొక్కటీ తగ్గించి, “ఇప్పుడు మల్ల ఆడనియ్యి” అన్నాను. వదిన తమ్ముడు తల దించుకున్నాడు. అన్న వెళ్లి మెయిన్ స్విచ్ ఆపేశాడు. తెరలన్నీ ఒక్కసారిగా నల్లబడ్డాయి. తాళాలు బల్ల మీద విసిరికొట్టి చెల్లె చెయ్యి పట్టుకుని మెట్లు దిగాను.

బస్‌స్టాప్‌లో చెల్లె, “అంటే నేను ఓడిపోలేదా అక్కా?” అని అడిగింది. లేదన్నాను. ఎన్నిసార్లు లేదన్నా అది మళ్లీ ఆ ఆట ముట్టలేదు. నేను వేరే చోట ఉద్యోగం వెతుక్కున్నాను. ఆ మధ్య మలక్‌పేటలో ఒక పెళ్లిలో అన్న కనబడి, ఇంకా అలకేనా అని నవ్వితే, చేతిలో ప్లేటు అక్కడే పెట్టి వచ్చేశాను.

ఆ సెంటర్లు ఇప్పుడు లేవు. ఇంట్లో కూర్చుని ముక్కూమొహం తెలియనివాళ్లతో ఆడుకోవచ్చు. మా అమ్మాయి కూడా ఆడుతుంది, మైకు ఆపేసి, ఒక మగపేరు పెట్టుకుని. ఎందుకే అంటే, అమ్మాయినని తెలిస్తే బూతులు తిడతారమ్మా అంటుంది, అదేదో మామూలు సంగతి అన్నట్టు. మా చెల్లె ఆ రోజు అంతమంది మగవాళ్ల మధ్య కూర్చుని, కనీసం తన పేరుతో ఆడింది.