మంచం కింద అరవై మూడు కిలోలు

దాడి జరిగింది 1990 ఆగస్టు రెండో తేదీ, గురువారం. మేం కువైట్ విడిచింది ముప్పై నాలుగో రోజు. ఆ మధ్య రోజుల్లో ఏ పూట ఏం వండానో, ఎక్కడ నీళ్ళు పట్టామో నా నోటుపుస్తకంలో ఉంది. బండిలోకి ఎక్కిన ప్రతి వస్తువు బరువూ ఉంది. ఒక్క వస్తువు బరువు మాత్రం రాయలేదు. దాని గురించే ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటికి నేను రుమైథియాలో ఒక కువైటీ ఇంట్లో పదకొండేళ్ళుగా వంట చేస్తున్నాను. మాది కోనసీమ. వేసవి కాబట్టి మేం మామా అని పిలిచే యజమానురాలు, నాకు వీసా ఇచ్చిన యజమాని కఫీల్, పిల్లలు జూలైలోనే చల్లని దేశానికి వెళ్ళారు. ఇంట్లో మిగిలింది నేనూ, కారు డ్రైవరూ. అతనిది కడప వైపు. నాకంటే పదేళ్ళు చిన్న, నన్ను అక్కా అనేవాడు. అతని అక్క మొగుడు కూడా కువైట్‌లోనే తాపీ మేస్త్రీ. జూలై నెలలో పరంజా మీద నుంచి పడి అతనికి తొడ ఎముక విరిగింది. తుంటి నుంచి మడమ దాకా పిండికట్టు వేసి, మూడు నెలలు కదపకూడదన్నారు. దాడి తర్వాత ఆసుపత్రిలో నర్సులు ఒక్కొక్కరే వెళ్ళిపోతుంటే, నడవలేని అతన్ని తెచ్చి మా ఇంటి వెనక గదిలో పడుకోబెట్టాం.

జోర్డాన్ వెళితే అక్కడి నుంచి మన దేశానికి విమానాలు ఉన్నాయని తెలిసింది. బస్సులు బస్రా దాకా వెళ్తున్నాయి. కానీ మనిషి కాలు చాపి పడుకునే చోటు ఏ బస్సులోనూ లేదు. మోకాలు మడవలేని మనిషిని కూర్చోబెట్టలేం. దాదాపు పదమూడు వందల కిలోమీటర్లు, సగానికి పైగా ఎడారి. ఆ కాలు కదలకుండా సరిహద్దు దాటించాలి. మా ముందున్న పని అదొక్కటే.

కఫీల్ తమ్ముడు పక్క ఇంట్లోనే ఉన్నాడు. చలికాలంలో ఎడారిలో గుడారాలు వేసుకుని గడపడానికి ఆ కుటుంబానికి రకరకాల బండ్లు ఉండేవి. ఆయన తాళాలన్నీ ఒక పళ్ళెంలో వేసి మా ముందు పెట్టాడు.

"మీరు తీసుకెళ్ళకపోతే సైనికులు తీసుకెళ్తారు. ఏది కావాలో చూసుకోండి. యల్లా, త్వరగా కానివ్వండి," అన్నాడు.

మొదటిది ఇంజనూ ఇల్లూ ఒక్కటిగా ఉన్న పెద్ద బండి. మంచాలు, ఫ్రిజ్, చల్లని గాలి. మేస్త్రీని ఇందులో పడుకోబెడితే చాలని నేను అనుకున్నాను. డ్రైవరు లోపలికి కూడా వెళ్ళలేదు. చక్రం పక్కన గొంతుక్కూర్చుని టైరు పక్కగోడను గోటితో గీకాడు. పగుళ్ళలో గోరు దిగింది.

"ఎండలో నిలబడి నిలబడి సచ్చిపోయిండాయి అక్కా టైర్లు. పైకి కొత్తవే. ఇంకోటి, దీని ఇంజను నిలబడితే ఇల్లు కూడా నిలబడినట్లే. అప్పుడు మా బావను యాడ పెడతాం?"

రెండోది దజీజ్‌లో వాళ్ళ గోడౌను దగ్గరున్న ఆరు చక్రాల లారీ. గట్టిది. ఖాళీగా నడిపి చూశాం. గోధుమపిండి నింపిన గిన్నె ఒకటి వెనక పెట్టాను. రెండు కిలోమీటర్లు వెళ్ళి వచ్చేసరికి పిండి గిన్నె బయట ఉంది. చక్రాల మీద ఉండే స్ప్రింగు కమ్మీలు ఖాళీ లారీని గట్టిగా ఎగరేస్తాయి, పూర్తి బరువు వేస్తేనే మెత్తగా పోతుందని డ్రైవరు చెప్పాడు. అంత బరువు మా దగ్గర లేదు.

మూడోది పాత పికప్పు. రంగు వెలిసి, ఒక దీపం పగిలి ఉంది. ముందు ముగ్గురు, వెనక ముగ్గురు కూర్చునే క్యాబిను. దాని వెనక తగిలించి లాగే, మంచాలున్న రెండు చక్రాల కారవాన్. ఒకటి చెడితే రెండోదాన్ని విప్పి ఇంకొక బండికి తగిలించుకోవచ్చు. అంత వికారంగా ఉన్న పికప్పు మీద ఏ సైనికుడి కన్నూ పడదు. పికప్పు వెనక ఉన్న ఇనప గుండుకు తగిలించే కొక్కెం, కారవాన్ బ్రేకు, దీపాల తీగ అన్నీ చూశాక అతను ఒప్పుకున్నాడు.

"లాగుతుందా?" అని అడిగాను.

"లాగేదేముందక్కా, గాడిద గూడా లాగుతాది. నిలబెట్టల్ల గదా. ఎనకది మనల్ని తోస్తాంటే నిలబడేంత బరువు ముందరిదానికి ఉండల్ల."

కారవాన్ తలుపు పక్కన రేకు మీద రెండు అంకెలు చెక్కి ఉన్నాయి. ఖాళీ బరువు 1150 కిలోలు. గరిష్ఠం 1500. అంటే మాకు దొరికేది 350. ఆ అంకె చూశాక నాకు ధైర్యం వచ్చింది. లెక్కకు లొంగే పని నేను చేయగలను.

మాతో వచ్చేవాళ్ళు ఇంకో ఐదుగురు. పక్క వీధి ఇళ్ళలో పనిచేసే ముగ్గురు ఆడవాళ్ళు, దజీజ్ గోడౌన్లలో సరుకు దించే ఇద్దరు మగవాళ్ళు. వాళ్ళు బస్సులో పోగలిగినవాళ్ళే. కానీ మేస్త్రీని ఎత్తాలంటే నలుగురు కావాలి. అందుకు వస్తామన్నారు. మొత్తం ఎనిమిది మందిమి. డ్రైవరుతో కలిపి ఆరుగురు పికప్పులో. కారవాన్‌లో మేస్త్రీ, అతన్ని చూసుకోవడానికి నేను. ఇద్దరి బరువు 122. గ్యాసుబండ, పొయ్యి, పరుపు 38. బియ్యం, పప్పు, రొట్టెలు 50. తలకు పదిహేను చొప్పున ఎనిమిది మంది సామాను 120. మొత్తం 330. ఇరవై కిలోలు మిగులు. నీళ్ళు, పెట్రోలు డబ్బాలు పికప్పు తొట్టిలో.

వంటింటి తలుపుకు నా వేలాడే కాటా తగిలించాను. ఆ కాటా మా వీధిలో అందరికీ తెలుసు. సెలవుకు ఇంటికి పోయేవాళ్ళంతా పెట్టెలు తెచ్చి నా దగ్గరే తూచుకునేవాళ్ళు. విమానాశ్రయంలో కౌంటరు దగ్గర బరువు ఎలా తప్పించాలో కూడా నేనే చెప్పేదాన్ని. తూకం అయ్యాక బరువైనవి చేతిసంచిలోకి మార్చుకోవడం, సంచి భుజాన వేసుకుని తేలిగ్గా నవ్వుతూ నిలబడడం, ఇస్త్రీపెట్టెను దుప్పటిలో చుట్టడం. నేను కూడా అలాగే పదకొండేళ్ళ కింద పరుపుచుట్టలో మా అమ్మ సన్నికల్లు, పొత్రం దాచి తెచ్చాను. మిక్సీలో రుబ్బిన పచ్చడి నాకు నచ్చదు.

డ్రైవరు ఒక్క షరతు పెట్టాడు. మేస్త్రీ కాలు చాపుకునేంత పొడుగు మంచం కారవాన్‌కు వెనక చివరే ఉంది. దాని కింద పెద్ద పెట్టె, ఆ పెట్టెకు బయట నుంచి చిన్న తలుపు.

"చక్రాల మీద పడుకోబెడితే ఊపు తక్కువ. దానికి సోటు ల్యా. ఎనకనే పడుకోబెట్టల్ల. అందుకని ఆ పెట్టెలో ఒక్క చెంచా గూడా పెట్టొద్దు. సామానంతా ముందర, చక్రాలకు దగ్గరగా. ఎనక బరువైతే ముక్కు లేస్తాది, తోక ఆడిస్తాది."

సాయంత్రం సామాను సర్ది, మేస్త్రీని మోసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టాక, అతను కారవాన్ ముక్కును, అంటే పికప్పుకు తగిలించే ముందు కొసను, రెండు చేతులా పట్టుకుని ఎత్తాడు. మెడ నరాలు ఉబ్బేంత కష్టపడి ఎత్తాడు. "అయ్యింది. ఇంత బరువుండల్ల," అని తగిలించాడు. తర్వాత కిటికీలోంచి బావ వైపు తొంగి చూశాడు.

"ఏం బావా, పెండ్లికొడుకు మాదిరి పండుకోని వస్తావు. మేమంతా నీ పల్లకీ బోయీలం."

"మెల్లగా తోలు. మీ అక్కకు చెప్పి నీకు కూలి ఇప్పిస్తా," అన్నాడు మేస్త్రీ.

మర్నాడు తెల్లవారగానే బయల్దేరాం. సరిహద్దు దగ్గర సైనికులు తలుపు తెరిచి, పిండికట్టు చూసి, పొమ్మన్నారు. బస్రా దాటే దాకా బండి కాస్త అటూ ఇటూ జరుగుతూనే ఉంది. గాలి అనుకున్నాను. మేస్త్రీ కళ్ళు మూసుకుని మంచం అంచు పట్టుకుని ఉన్నాడు. నొప్పిగా ఉందా అంటే లేదన్నాడు.

ఎండ నడినెత్తికి రాకముందే ఎదురుగా యుద్ధ ట్యాంకులు మోసే పొడుగు లారీలు వరసగా వచ్చాయి. మొదటిది దాటిన గాలికి కారవాన్ తోక ఎడమకు కొట్టింది. తర్వాత కుడికి. ఒకదాన్ని మించి ఒకటి. గిన్నెలు పడ్డాయి. నేను రెండు చేతులతో అతని నడుము పట్టుకున్నాను. కాలు పట్టుకోవాల్సింది, అప్పుడు తోచలేదు. నాలుగోసారి కొట్టినప్పుడు అతని పిండికట్టు గోడకు తగిలింది. అతను దుప్పటి అంచును పళ్ళ మధ్య కరుచుకున్నాడు.

డ్రైవరు బ్రేకు వేయకుండా, యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసేసి, బండి తనంతట తాను నెమ్మదించాక పక్కకు ఆపాడు. దిగి, కొక్కెం విప్పి, కారవాన్ ముక్కు పట్టుకున్నాడు. ఒక్క చేత్తో లేచింది. అందరూ చూశారు. అతను వెనక్కి నడిచి ఆ చిన్న తలుపు తెరిచాడు.

కుట్టుమిషను తల వచ్చింది. స్టీలు గిన్నెల మూట, టేప్‌రికార్డరు, నాలుగు పాలపొడి డబ్బాలు, ఇస్త్రీపెట్టె, రెండు కంబళ్ళు. రాత్రికీ తెల్లవారుజాముకీ మధ్య ఒకరికి తెలియకుండా ఒకరు పెట్టినవి. అందరూ కాటా దగ్గర నిజంగానే తూచారు. తర్వాత, కౌంటరు దాటినట్టే, మిగతాది చేర్చారు. పడుకున్న రోగిని లేపి ఎవరూ వెతకరని అందరూ ఒకే చోటు ఎంచుకున్నారు.

"నా ఒక్క మిషనే కదా అనుకున్నా అన్నా," అంది ముగ్గురిలో చిన్నది.

"నువ్వొక్కదానివే. వాడొక్కడే. ఈయమ్మొక్కతే. ఇది విమానమనుకున్యారా, నవ్వి దాటిపోయేదానికి?"

చివరికి అతను చేయి లోపలికి చాపి దుప్పటి చుట్టిన మూటను ఈడ్చాడు. ముడి ఊడి రాయి బయటపడింది.

"ఇదెవురిది?"

నేను ఊడిన ముడి వైపే చూస్తున్నాను. లెక్క రాసింది నేను, పదిహేను దాటొద్దని అందరి పెట్టెలూ వెనక్కి తిప్పింది నేను. మిగిలిన ఇరవై కిలోలలో ఇది పదహారే కదా అని పెట్టింది కూడా నేనే.

తెరిచిన కిటికీలోంచి మేస్త్రీ గొంతు వినిపించింది. "నాదేలే, బామ్మర్దీ. నిన్న ఆ గోడౌను పిల్లోళ్ళ చేత పెట్టించినా. మేస్త్రీని గదా, రాయి ల్యాకుండా యాడికి పోతా?"

గోడౌను వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎవరికి వారు రెండోవాడే పెట్టాడనుకున్నట్టున్నారు.

డ్రైవరు ఆ మూటను రోడ్డు వారకు ఈడ్చాడు. "నీ కోసరమే ఇంతమంది వస్తాండారు బావా. నువ్వే నీ కిందికి రాయి తెచ్చుకుంటివి," అన్నాడు. అతని గొంతులో కోపం కంటే అలసటే ఎక్కువ.

పెట్టెలోంచి తీసినవన్నీ నా కాటాకు తగిలించి రాసుకున్నాను, రాయి ఒక్కటి తప్ప; దాని పదహారూ కలిపితే అరవై మూడు. కంబళ్ళు ముందుకు మార్చి, మిగిలినవన్నీ రోడ్డు పక్కన దించాం. మళ్ళీ ముక్కు ఎత్తి చూశాడు. ఈసారి రెండు చేతులూ కావలసి వచ్చాయి.

బండి కదిలాక, నేను మేస్త్రీ నుదుటి చెమట తుడుస్తూ, "ఎలా తెలిసింది?" అని అడిగాను.

"నా నడుము కిందే గదక్కా తలుపు. తెరిచిన ప్రతిసారీ తెలుస్తానే ఉండె. ఇనుము సప్పుడు ఒకటి, రాయి గీసుకునే సప్పుడు ఒకటి. రాయి సప్పుడు నాకు తెలియకపోతే ఇంకెవురికి తెలుస్తాది? తెరిచినోళ్ళ దగ్గు గూడా విన్యా."

"అప్పుడే చెప్పొచ్చు కదయ్యా."

"మోసేదానికి వచ్చినోళ్ళను ఏమని అంటా? లెక్క రాసేదానివి, నీ మాట పోతే రేపటి నుంచి నీళ్ళు ఎవురు పంచుతారు?"

బయల్దేరిన నాలుగో రోజు జోర్డాన్ చేరాం. కారవాన్‌ను సరిహద్దు దగ్గర వదిలేసి, దాని తలుపు ఊడదీసి ఆ పలక మీద మేస్త్రీని మోసుకెళ్ళాం. ఇంటికి చేరాక తీసిన ఎక్స్‌రేలో ఎముక జరిగి అతుక్కుందని డాక్టరు చెప్పాడట. ఎప్పుడు జరిగిందో చెప్పలేమన్నాడట. కాలు రెండు వేళ్ళ మేర కురచయింది. మళ్ళీ పరంజా ఎక్కలేదు.

పద్నాలుగేళ్ళ తర్వాత రాయచోటి దగ్గర వాళ్ళ ఊరికి వెళ్ళాను. మేస్త్రీ సిమెంటు దుకాణం పెట్టుకున్నాడు. డ్రైవరు కూడా వచ్చాడు. అన్నం పెడుతూ మేస్త్రీ భార్య నాతో, "ఈయప్ప సంగతి మీకు తెలుసు గదమ్మా. కువైట్‌లో అంతా వదిలేసి రాయి ఎత్తుకొచ్చినాడంట, అదీ తన నడుం కిందనే. కుంటుకుంటా పోతాంటే ఊరంతా ఆ రాయి మాటే అంటారు," అని నవ్వింది. పద్నాలుగేళ్ళుగా అలవాటైన నవ్వు అది. అతను కూడా నవ్వాడు.

నేను విస్తరి పక్కకు జరిపి, "ఆ రాయి నాదమ్మా," అన్నాను. "సన్నికల్లూ పొత్రమూ కలిపి పదహారు కిలోలు. నేనే పెట్టాను. ఆయన నాకోసం తన మీద వేసుకున్నాడు."

ఆమె చేతిలో గరిటె అలాగే ఉంది. డ్రైవరు బావ వైపు చూశాడు. మేస్త్రీ తలొంచుకుని అన్నం కలుపుతున్నాడు.

"ఆ ఊపుకేనా కాలు జరిగింది?" అని ఆమె అడిగింది.

"తెలియదు," అన్నాను. "పెట్టెలో ఉన్నది మొత్తం అరవై మూడు. నాది పదహారు. ఆ పదహారు లేకపోతే జరిగేది కాదా అంటే, అది నాకు తెలియదు."

ఆమె గరిటె దించి, నా విస్తరి మళ్ళీ నా ముందుకు జరిపింది. వడ్డించలేదు, లెమ్మనలేదు. మొగుడి వైపు తిరిగి, "ఇన్నేండ్లూ నేను అంటాంటే పడినావే," అంది.

అతను నీళ్ళ గ్లాసు నా వైపు జరిపాడు. నేను చల్లారిన అన్నం తిన్నాను. ఊరికి తిరిగొచ్చి, ఆ పాత నోటుపుస్తకం తీసి, ముప్పై నాలుగో రోజు పేజీలో నా పేరు ఎదురుగా ఉన్న పదిహేను కొట్టేసి ముప్పై ఒకటి వేశాను.